రింగుల జుట్టు పాప, పొద్దున ఏడు గంటల దువ్వెన



పోయిన ఏడాది జూన్‌లో ఆరో తరగతి పాప డైరీలో నేనొక మాట రాశాను: "జుట్టు శుభ్రంగా దువ్వి పంపగలరు." మర్నాడు వాళ్ళమ్మగారు స్వయంగా వచ్చారు. కోపంగా కాదు, అలసటగా. "టీచర్, రోజూ ముప్పావు గంట దువ్వుతున్నాను. పాప ఏడుస్తుంది, నేను అరుస్తాను, కింద బస్సు హారన్ కొడుతుంది. తీరా స్కూలుకొచ్చేసరికి మళ్ళీ అలాగే లేస్తుంది" అన్నారు. ఆ పాపది రింగుల జుట్టు. దువ్వకపోవడం వల్ల కాదు, అలా దువ్వడం వల్లే లేస్తోందని ఆ రోజు నాకూ తెలియదు. బయాలజీ చెప్పే మనిషికి తెలియకపోవడం చిన్నతనమే. తర్వాత చదివి, ఆ అమ్మగారితో కలిసి ప్రయత్నించి తెలుసుకున్నదే ఈ నెల పాఠం.

ముందు వెంట్రుక సంగతి. మాడులో కుదురు నిటారుగా ఉంటే వెంట్రుక తిన్నగా వస్తుంది, వంపు తిరిగి ఉంటే మెలిక పడుతూ వస్తుంది. అడ్డంగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే తిన్నటి వెంట్రుక దాదాపు గుండ్రంగా, రింగుల వెంట్రుక నొక్కినట్టు కోలగా కనిపిస్తుంది. మాడులో ఊరే సహజమైన జిడ్డు తిన్నటి జుట్టు మీద సులువుగా చివరిదాకా జారుతుంది. మెలికల మీద అంత తేలిగ్గా దిగదు. అందుకే ఈ పిల్లలకు కుదుళ్ళ దగ్గర జిడ్డుగా, చివర్లు ఎండుగడ్డిలా ఉంటాయి. పైగా ప్రతి మలుపూ తెగడానికి అనువైన చోటే.

ఈ వెంట్రుకలు విడివిడిగా ఉండవు, ఒకదాన్నొకటి చుట్టుకుని గుత్తులుగా ఉంటాయి. పొడిగా ఉన్నప్పుడు సన్నపళ్ళ దువ్వెనతో పైనుంచి కిందికి లాగితే గుత్తులన్నీ విడిపోయి, కొన్ని తెగి, మిగిలినవి గాల్లోకి లేస్తాయి. వానాకాలం గాలిలో తేమ తగిలితే ఇంకా ఉబ్బుతుంది. మనం పిచ్చుకగూడు అనేది దీన్నే. స్కూళ్ళు తెరిచే జూన్‌లోనే వానలు కూడా మొదలవడం పాపం ఈ పిల్లల దురదృష్టం!

"చిన్నప్పుడు ఇంకో రెండుసార్లు గుండు చేయించి ఉంటే తిన్నగా వచ్చేది" అని చాలామంది అంటారు. మొక్కు వేరే విషయం. గుండుతో పోయేది బయట ఉన్న వెంట్రుకే, లోపలి కుదురు ఆకారం మారదు. మారితే యుక్తవయసులో హార్మోన్ల వల్ల దానంతటదే మారవచ్చు. అప్పటిదాకా తిన్నగా ఉన్న జుట్టు ఎనిమిదో తరగతిలో మెలికలు తిరగడం మొదలుపెడితే కంగారు పడకండి.

ఇక పని. ఇది పొద్దున ఏడు గంటలకు చేసేది కాదు, ఆదివారం చేసేది. తలంటుకు అరగంట ముందు కొబ్బరినూనె పట్టించండి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి ప్రొటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని మన దేశ పరిశోధకులే 2003లో ప్రచురించారు. ఆ నూనె అమ్మే కంపెనీ వాళ్ళే చేసిన పరిశోధన అది, అయినా మన అనుభవానికి సరిపోతుంది. షాంపూ మాడుకే పట్టించండి, నురగ జారుతూ చివర్లను శుభ్రం చేస్తుంది. కుంకుడుకాయ వాడే ఇళ్ళలో ఒక జాగ్రత్త: దాని నురగ జిడ్డును బాగా లాగేస్తుంది, రింగుల జుట్టుకు అది ఎక్కువే. పలచగా వాడి, తర్వాత మందారాకు గుజ్జో, రాత్రి నానబెట్టి రుబ్బిన మెంతులో పట్టించండి. ఆ జిగురే ఇప్పుడు సీసాల్లో వచ్చే కండీషనర్ చేసే పనిలో సగం చేస్తుంది. కండీషనర్ వాడితే మాడుకు కాదు, చెవుల కింది నుంచి చివర్ల వరకే.

చిక్కు తీయాల్సింది అప్పుడే, కండీషనర్ జుట్టు మీద ఉండగానే. నాలుగు పాయలు చేసి, వెడల్పు పళ్ళ దువ్వెనతో ముందు చివరి రెండంగుళాలు, ఆ తర్వాత ఇంకో రెండంగుళాలు పైన, అలా కింది నుంచి పైకి రావాలి. చిక్కు పైన పాయను గట్టిగా పట్టుకుంటే మాడు లాగదు, పాప ఏడవదు. ఆ రోజు చేతికి బోలెడు వెంట్రుకలు వస్తాయి. భయపడకండి. ఎవరికైనా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. రింగుల్లో చిక్కుకుని ఉండిపోయిన వారం నాటివన్నీ ఒకేసారి బయటికొచ్చాయి, అంతే. పేలు ఉన్నప్పుడు ఈరుదువ్వెన కూడా ఈ తడిలోనే వాడండి.

కడిగాక టవల్‌తో రుద్దకండి. పాత కాటన్ టీషర్ట్‌తో గుప్పెట్లో పట్టి పిండండి. తడి ఉండగానే కాస్త జెల్ రాస్తే గుత్తులు నిలుస్తాయి. కొనక్కర్లేదు: పావు కప్పు అవిసె గింజలు రెండు కప్పుల నీళ్ళలో మరిగించి, గుడ్డు తెల్లసొనలా సాగుతుండగా వేడిమీదే పలచటి గుడ్డలో వడకట్టండి. చల్లారితే గుడ్డలోంచి దిగదు, నేనొకసారి గుడ్డా గింజలూ కలిపి పారేశాను. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది.

నీళ్ళ గురించి ఒక మాట. ఎండాకాలం మన హిమాయత్‌నగర్ అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల బోరు నీళ్ళో ట్యాంకరో గతి. ఉప్పు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం జుట్టుకు పట్టి బిరుసెక్కిస్తాయి. చివరి రెండు చెంబులు తాగే నీళ్ళతో కడగండి. ఆర్‌ఓ మెషిన్ బయటికి వదిలే నీళ్ళు మాత్రం వద్దు, వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ.

రాత్రి వదులుగా ఒక జడ వేసి, దిండుకు శాటిన్ గలేబు గానీ పాత పట్టు గుడ్డ గానీ చుట్టండి. పొద్దున దువ్వెన అక్కర్లేదు. స్ప్రే సీసాలో నీళ్ళు, చెంచాడు కండీషనర్ కలిపి చల్లి, వేళ్ళతో సర్ది, పాపిడి తీసి రెండు జడలు వేయడమే. గట్టిగా బిగిస్తే రోజంతా నీట్‌గా ఉంటుందనుకుంటాం. ఆ లాగుడుకే నుదుటి మీద, చెవుల పైన జుట్టు పలచబడుతుంది. "లాగుతోందమ్మా" అంటే గారం అనుకోకండి. ఉత్త రబ్బరు బ్యాండు బదులు గుడ్డ చుట్టిన బ్యాండు వాడండి. ఇవీ, వెడల్పు పళ్ళ దువ్వెనలూ బేగంబజార్‌లో చవగ్గా దొరుకుతాయి.

మగపిల్లల విషయంలో సమస్య చిన్నది: పొట్టిగా కత్తిరించినా తడిగా ఉన్నప్పుడే సర్దండి, చాలు.

తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు స్ట్రెయిటెనింగ్ అడుగుతారు. ఫంక్షన్‌కు ఒకసారి ఇస్త్రీ చేయించుకోవడం వేరు, నెలల తరబడి నిలిచే కెమికల్ ట్రీట్‌మెంట్ వేరు. కొన్నిటిలో వేడికి ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు వస్తుంది. గ్లైఆక్సిలిక్ యాసిడ్ ఉన్న క్రీమ్ వాడిన 26 ఏళ్ళ యువతికి మూడుసార్లు కిడ్నీలు దెబ్బతిన్న కేసును 2024లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. ఎదిగే పిల్లలకు ఇది వద్దనే నా సలహా. అడిగితే మాత్రం తిట్టకండి, ఎందుకు అడుగుతోందో కనుక్కోండి. ఆ ఆరో తరగతి పాప కూడా అడిగిందట. క్లాసులో "మ్యాగీ" అని పిలుస్తున్నారని ఇంట్లో చెప్పుకోలేదు. నేను డైరీలో రాసిన మాట ఆ పేరుకు ముద్ర వేసినట్టయింది.

ఆ తర్వాత క్లాసులో ఒక పీరియడ్ ఈ పాఠమే చెప్పాను. నాంపల్లికి దగ్గర్లోని ఏ.సి. గార్డ్స్‌లో 'ఏ.సి.' అంటే ఏమిటని అడిగితే ఎయిర్ కండిషన్ అన్నారు! ఆఫ్రికన్ కావల్రీ అని చెప్పాను. నిజాం కొలువులో ఉన్న ఆఫ్రికా మూలాల ఆశ్వికదళం నివసించిన చోటు అది. వాళ్ళ సంతతి వాళ్ళు ఇప్పటికీ అక్కడున్నారు, హైదరాబాద్ పెళ్ళిళ్ళలో మర్ఫా మోగించే వాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. బిగుతు రింగుల జుట్టు ఈ ఊరికి కొత్తేమీ కాదన్నమాట. బ్రిటన్‌లో సమానత్వ కమిషన్ 2022లో, జాతితో ముడిపడిన సహజమైన జుట్టు తీరును బట్టి పిల్లల్ని ఇబ్బంది పెట్టకూడదని స్కూళ్ళకు మార్గదర్శకాలిచ్చిందని కూడా చెప్పాను. పిల్లలు శ్రద్ధగానే విన్నారు. పేరు పెట్టి పిలవడం ఒక్క రోజులో ఆగలేదు, దసరా సెలవుల నాటికి తగ్గింది.

మన నిబంధన జుట్టు కట్టుకుని రావాలనే గానీ తిన్నగా ఉండాలని కాదు. కండీషనర్ తడితో వేసిన జడలు, పక్కన లేచిన నాలుగు ముంగురులు తప్పు కావు. అలాంటి దానికి డైరీలో రాస్తే క్లాస్ టీచర్‌తో నేరుగా మాట్లాడండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్ రోజు మధ్యాహ్నం నేను బయాలజీ ల్యాబ్‌లో ఉంటాను. దువ్వెన, స్ప్రే సీసా తెస్తాను. చూడాలనుకునేవాళ్ళు పాపను తలంటు పోసి, జడ వేయకుండా తీసుకురండి.