మైకు వెనుక నవ్వుల పని: స్వతంత్ర రేడియో కామెడీ సంస్థల్లో ఎవరేం చేస్తారు?

బ్రిటన్‌లో బీబీసీ రేడియో 4 సాయంత్రం ఆరు గంటల వార్తల తర్వాత, ఆరున్నరకు, అరగంట హాస్య కార్యక్రమం ప్రసారం చేస్తుంది. వీటిలో కొన్నింటిని బీబీసీ సొంత సిబ్బంది తయారుచేస్తారు. తక్కినవి బయటి స్వతంత్ర నిర్మాణ సంస్థల నుంచి వస్తాయి. 2017లో అమల్లోకి వచ్చిన రాయల్ చార్టర్‌తో పాటు కుదిరిన ఒప్పందం, అర్హమైన రేడియో ప్రసార సమయంలో 60 శాతాన్ని 2022 చివరికల్లా పోటీకి తెరవాలని బీబీసీకి షరతు పెట్టింది. దాంతో బయటి సంస్థలకు అవకాశం పెరిగింది. అయితే ఇవి పెద్ద కంపెనీలు కావు. చాలా సంస్థల్లో శాశ్వత ఉద్యోగులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఒక సిరీస్ ఖాయమయ్యాక మిగతావారిని ఆ పని మేరకు ఫ్రీలాన్సర్లుగా తీసుకుంటారు. ఈ రంగంలోకి రావాలనుకునేవారు మొదట గ్రహించాల్సింది ఇదే: ఇక్కడ దొరికేది నెల జీతపు కొలువు కన్నా ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే పనులు.

సిరీస్ ఖాయం కావడమంటే స్టేషన్ కమిషనింగ్ ఎడిటర్ ఒప్పుకోవడం. సంస్థ ముందుగా ఒకటి రెండు పేజీల ప్రతిపాదన పంపుతుంది. కథ ఎక్కడ జరుగుతుంది, పాత్రలెవరు, ఎవరు రాస్తారు, ఎవరు నటిస్తారు, ఈ ఆలోచన ఆరు ఎపిసోడ్లకు ఎలా సరిపోతుంది అన్నవి అందులో ఉండాలి. ఎంత చక్కటి ఆలోచన అయినా ఈ చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే అక్కడే ఆగిపోతుంది.

పోజిటివ్ సంస్థ నిర్మించిన ‘క్యాబిన్ ప్రెషర్’ ఆ ప్రశ్నకు జవాబున్న ఆలోచనకు మంచి ఉదాహరణ. నిర్మాత డేవిడ్ టైలర్, రచయిత జాన్ ఫినెమోర్. ఒకే ఒక్క విమానమున్న బుల్లి ఎయిర్‌లైన్, దాని యజమానురాలు, ఆత్మవిశ్వాసం చాలని కెప్టెన్, అతనికన్నా గడుసైన ఫస్ట్ ఆఫీసర్, ఎప్పుడూ ఉత్సాహంగా ఉండే స్టూవర్డ్. ఈ నలుగురి చుట్టూనే 2008 నుంచి 2014 వరకు కథ నడిచింది. విమానం లోపల నలుగురు ఇరుక్కుపోయి ఉంటారు కాబట్టి మాటకు మాట పుడుతూనే ఉంటుంది. వినేవారికి కనపడేదేమీ అక్కర్లేదు. రేడియోకు ఇంతకన్నా తగిన చోటు దొరకడం కష్టం. ఎపిసోడ్లకు అబుదాబి నుంచి జ్యూరిచ్ దాకా ఆంగ్ల అక్షరక్రమంలో ఊళ్ల పేర్లు పెట్టారు. చివరి కథ రికార్డింగు చూడటానికి ఇరవై వేల మందికి పైగా టికెట్ల కోసం దరఖాస్తు చేశారు. హాల్లో పట్టేది మాత్రం కొన్ని వందల మందే.

జట్టులో మొదటివాడు రచయిత. అరగంట కార్యక్రమం నిజానికి 28 నిమిషాలు. రేడియో రచయిత బొమ్మతో చెప్పాల్సింది మాటతో చెప్పాలి. అయినా చెబుతున్నట్టు ఉండకూడదు. ‘అదిగో, చేతిలో గొడ్డలితో వస్తున్నాడు’ అని పాత్ర చేత అనిపించే రచయిత ఇంకా పని నేర్చుకోలేదన్నమాట. తలుపు చప్పుడు, ఒక క్షణం మౌనం, ‘దాన్ని కిందపెట్టి మాట్లాడండి’ అన్న ఒక్క మాట చాలు. మిగతాది శ్రోత ఊహించుకుంటాడు, ఆ ఊహలోంచే నవ్వు వస్తుంది. పాత్రల గొంతులు, మాట తీరు ఒకదానికొకటి దూరంగా ఉండేలా రాయడం కూడా రచయిత బాధ్యతే. పేరు తీసేసి చదివినా ఎవరి మాటో తెలిసిపోవాలి.

స్క్రిప్ట్ ఎడిటర్ రచయితకు మొదటి పాఠకుడు. ఎక్కడ కథ నీరసించింది, ఏ జోకు కోసం పాత్ర తన స్వభావం వదులుకుంది అన్నవి పట్టుకుంటాడు. చిన్న సంస్థల్లో ఈ పని కూడా నిర్మాతే చేస్తాడు.

బ్రిటిష్ రేడియో కామెడీలో నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడు కాదు. తెలుగు సినిమా భాషలో చెప్పాలంటే దర్శకుడు, నిర్మాణ బాధ్యుడు, చివరి ఎడిటింగు తీర్పరి, ముగ్గురూ ఒక్కరే. నటులను ఎంపిక చేస్తాడు, బడ్జెట్ చూస్తాడు, రికార్డింగు నడిపిస్తాడు, రచయిత చిక్కుల్లో పడితే దారి చూపిస్తాడు. ‘ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’ మొదటి సిరీస్ 1978లో తయారవుతున్నప్పుడు దాని రచయిత డగ్లస్ ఆడమ్స్ మీద పని భారం పెరిగింది. చివరి రెండు ఎపిసోడ్లకు జాన్ లాయిడ్ సహరచయితగా వచ్చాడు. లాయిడ్ స్వయంగా రేడియో నిర్మాత, ‘ది న్యూస్ క్విజ్’ సృష్టికర్త. ఈ పరిశ్రమలో రచయితకూ నిర్మాతకూ మధ్య గీత అంత పలుచన. నటుల విషయంలోనూ నిర్మాత చేతిలో ఎప్పుడూ ప్రత్యామ్నాయం ఉండాలి. ‘క్యాబిన్ ప్రెషర్’లో కెప్టెన్ పాత్ర బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్‌ది. ఆయన రాలేని ఒక ఎపిసోడ్‌లో టామ్ గుడ్‌మన్-హిల్ ఆ పాత్ర పోషించాడు.

స్టేజీ మీద రికార్డింగు రోజున పని చూస్తే ఈ వృత్తి అసలు రూపం అర్థమవుతుంది. మధ్యాహ్నం అందరూ కూర్చుని స్క్రిప్టు చదువుతారు. తర్వాత మైకు ముందు ఒకసారి రిహార్సల్. సాయంత్రం ప్రేక్షకుల ఎదుట రికార్డింగు. ఒకే సాయంత్రం రెండు ఎపిసోడ్లు పూర్తిచేయడం మామూలే. నటులు డైలాగులు బట్టీ పట్టరు, కాగితాలు చేతపట్టుకుని చదువుతారు. కాగితాలకు పిన్ను కొట్టరు. తిప్పితే వచ్చే చప్పుడు మైకులో పడుతుంది కాబట్టి విడి కాగితాలే పట్టుకుని, అయిపోయినదాన్ని నెమ్మదిగా పక్కకు జారుస్తారు. ప్రతి డైలాగుకూ ఒక సంఖ్య ఉంటుంది. చివర్లో రీటేక్ కావాలంటే నిర్మాత ఏ పేజీ, ఏ సంఖ్య అని చెబితే చాలు, అందరి వేలూ ఒకే వాక్యం మీదకు వెళుతుంది. పక్కన స్పాట్ ఎఫెక్ట్స్ చేసేవారు కప్పులు, తాళాలు, చిన్న తలుపు చట్రం లాంటివి పెట్టుకుని, నటుడి మాటను అనుసరిస్తూ అప్పటికప్పుడు చప్పుళ్లు చేస్తారు. టీ కప్పు మాట కన్నా అర క్షణం ముందు మోగినా జోకు చచ్చిపోతుంది.

అసలు నేర్పు కనపడేది ఎడిటింగులో. ప్రేక్షకుల నవ్వులతో కలిపి ముప్పావు గంటకు సాగిన రికార్డింగును 28 నిమిషాలకు కుదించాలి. కోయాల్సిన వాక్యం తర్వాత నవ్వు పొంగుతూ ఉంటే అక్కడ కత్తిరించకూడదు, అతుకు చెవికి తెలిసిపోతుంది. నవ్వు తగ్గుముఖం పట్టే వరకు ఆగి, ఆ తోకను తర్వాతి నవ్వు మొదట్లో కలపాలి. కొన్నిసార్లు మంచి జోకునే తీసేయాల్సి వస్తుంది. ఎందుకంటే దాని తర్వాతి జోకు ఇంకా మంచిది, రెండూ పక్కపక్కన ఉంటే రెండోదాని బలం తగ్గుతుంది. రాసిన జోకును తీసేయడానికి మనసొప్పనివారికి ఎడిటింగు గది కష్టమే. ప్రవేశించాలనుకునే యువతకు ఇది మంచి ద్వారం కూడా: చేతిలో శుభ్రంగా ఎడిట్ చేసే నైపుణ్యం ఉంటే ఏ సంస్థకైనా వెంటనే పనికొస్తారు. హాస్యం అర్థమయ్యే సౌండ్ ఎడిటర్లు అరుదు.

ప్రొడక్షన్ కోఆర్డినేటర్ ఒప్పందాలు, హాలు, టికెట్లు, హక్కుల కాగితాలు చూస్తాడు. కొత్తవారిలో చాలామంది ఈ మెట్టు మీదే మొదలుపెడతారు.

ప్రవేశానికి పాత దారి చిన్న హాస్య ఘట్టాలు, అంటే స్కెచ్‌లు రాయడం. 1970 నుంచి 1998 వరకు నడిచిన ‘వీక్ ఎండింగ్’, 2009లో మొదలైన ‘న్యూస్‌జాక్’ ముక్కూముఖం తెలియని రచయితల నుంచి కూడా రచనలు తీసుకున్నాయి. ఫినెమోర్ కూడా కేంబ్రిడ్జ్ ఫుట్‌లైట్స్ నుంచి వచ్చి, ‘డెడ్ రింగర్స్’ లాంటి ఇతరుల కార్యక్రమాలకు రాసి, ఆ తర్వాతే సొంత సిరీస్ అందుకున్నాడు. రేడియోలో నిలదొక్కుకున్న కార్యక్రమాలు టీవీకి వెళ్లడం అక్కడ సాధారణం. సంజీవ్ భాస్కర్, మీరా స్యాల్ బృందం చేసిన ‘గుడ్‌నెస్ గ్రేషస్ మీ’ 1996లో రేడియో 4లో మొదలై 1998లో టీవీకెక్కింది. భారతీయ కుటుంబాల మాటా మర్యాదల నుంచి పుట్టిన హాస్యాన్ని బ్రిటన్ అంతా ఆదరిస్తుందని అది నిరూపించింది. అక్కడ పెరిగిన తెలుగు పిల్లలకూ ఈ దారి తెరిచే ఉంది. స్కెచ్‌లకు పారితోషికం సాధారణంగా నిమిషాల లెక్కన ఉంటుంది. మొదటి కొన్నేళ్లు దాని మీదే బతకడం సాధ్యం కాదు కాబట్టి వేరే పని పక్కన పెట్టుకోవడం తప్పనిసరి.

బ్రిటన్‌లో చదవాలనుకునేవారికి నేషనల్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ స్కూల్, సాల్ఫర్డ్ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల హాస్య రచనకు సంబంధించిన కోర్సులున్నాయి. ఫీజు కట్టే ముందు వీసా సంగతి ఆలోచించాలి. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధికి అనుమతి లేదు. స్కిల్డ్ వర్కర్ వీసాకు ఒక యజమాని స్పాన్సర్ చేయాలి. ఒక్కో పనికి ఒక్కో ఒప్పందంతో నడిచే ఈ వృత్తికి అది సరిపడదు. చదువు తర్వాత వచ్చే గ్రాడ్యుయేట్ వీసాపై స్వయం ఉపాధి చేసుకోవచ్చు గానీ దానికి గడువుంది.

ఇదే పని ఇంటి దగ్గర నేర్చుకోవడానికి వనరులు తక్కువేమీ కాదు. సౌండ్‌కు పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్ఆర్‌ఎఫ్‌టీఐ ఉన్నాయి. నటనకు హైదరాబాద్ విశ్వవిద్యాలయం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయాల్లోని రంగస్థల విభాగాలు ఉన్నాయి. ఆకాశవాణి కేంద్రాలు నాటక కళాకారులను ఆడిషన్ ద్వారా ఎంపిక చేస్తాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం నడిపే బోల్ హైదరాబాద్, జహీరాబాద్ దగ్గరి సంఘం రేడియో లాంటి కమ్యూనిటీ రేడియోలు సాధనకు చక్కటి చోట్లు. అభ్యర్థి దగ్గర ఉండాల్సిన నమూనా పని పెద్దదేమీ కాదు: మూడు నిమిషాల స్కెచ్‌లు రెండు, వాటిలో ఒకటి రాత, ఎడిటింగు సొంతంగా చేసి రికార్డు చేసినది, రెండోదాని స్క్రిప్టులో డైలాగుల సంఖ్యలు, శబ్దాల సూచనలు సరిగ్గా వేసి ఉండాలి. నిర్మాత ముందు చూసేది ఆ స్క్రిప్టునే, రికార్డింగును ఆ తర్వాత వింటాడు.