చింతగింజలు ముందు, పలక తర్వాత

యూకేజీ పిల్లవాడు నూరు దాకా ఒంట్లు రాసేస్తే మనం మురిసిపోతాం. మదీనాగూడలో మా తరగతిలో ఒక బాబు అలాగే రాశాడు. దగ్గరికెళ్లి చూస్తే, ముందు పది ఒకట్లు పైనుంచి కిందికి దించి, పక్కన సున్నా నుంచి తొమ్మిది వరకు చేరుస్తున్నాడు! పన్నెండు చింతగింజలు ఇమ్మంటే గుప్పెడు తీసి ఇచ్చాడు. తప్పు మాదే, ఏడాదంతా నోటుబుక్కులు నింపించాం, లెక్కపెట్టించలేదు.

ఇప్పుడు ఒక్కో గింజ జరుపుతూ ఒక్కో అంకె పలికిస్తున్నాం. చివర పలికినదే మొత్తమని తెలియడానికే కొందరికి వారాలు పట్టింది.

13ను 31గా రాస్తే పిల్లలను కోప్పడకండి. ఇంట్లో ఉర్దూ 'తేరా', బడిలో ఇంగ్లిష్ 'థర్టీన్': రెండింటిలోనూ మూడే ముందు. విన్న వరుసలోనే రాస్తారు పాపం. మన 'పదమూడు'లో పదే ముందు. అందుకే ఉర్దూ ఇళ్ల పిల్లలకూ తెలుగులో పలికించి, పది పుల్లల కట్ట ఒకటి, ఎడంగా మూడు పుల్లలు పెట్టిస్తాం. ఖాయిదా కుడినుంచి చదివినా, ఉర్దూలోనూ సంఖ్యలు ఎడమనుంచే రాస్తారని చూపిస్తాం.

ప్రభుత్వ బడుల్లో 2022లో వచ్చిన 'తొలిమెట్టు' ఒకటో తరగతి నుంచే మొదలవుతుంది. అంతకు ముందు మెట్టు ఇంట్లోనే ఉంది. దస్తర్‌ఖాన్ పరిచాక ఎందరున్నారో పిల్లలనే లెక్కపెట్టి పళ్లేలు తెమ్మనండి. ఒకటి తగ్గితే వాళ్లే మళ్లీ వంటింట్లోకి పరుగెడతారు.