స్టెప్నీ డిక్కీలో ఉండాలా, ఇంట్లో ఉండాలా?

కొత్త కారులో స్టెప్నీ రాలేదని ఈ మధ్య చాలామంది రాస్తున్నారు. ఉన్న స్టెప్నీ తీసేస్తే చోటు కలిసొస్తుందా అని అడిగేవారూ తక్కువేమీ కాదు. అందరికీ పనికొచ్చే ఆరు ఉత్తరాలు ఈసారి తీసుకున్నాం.

సందేహం: ఎలక్ట్రిక్ కారు కొన్నాం. స్టెప్నీకి బదులు చిన్న కంప్రెసర్, ఒక ద్రవం సీసా ఇచ్చారు. అడిగితే ‘ఇప్పుడు రూలే అంత, కిట్ చాలు’ అన్నారు. మేం తరచూ శ్రీశైలం వెళ్తాం. విడిగా స్టెప్నీ కొనాలా?
– ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: రూలు మాట నిజమే. కేంద్ర రవాణా శాఖ 2020 జులైలో మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటని ప్యాసింజర్ కార్లలో ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే టీపీఎంఎస్, రిపేరు కిట్ ఉంటే స్టెప్నీ ఇవ్వనక్కర్లేదని అందులో ఉంది. అక్కర్లేదన్నారు గానీ పెట్టుకోవద్దని ఎవరూ అనలేదు. స్టెప్నీ తీసేస్తే కంపెనీకి ఖర్చు, బరువు, చోటు మూడూ మిగులుతాయి. దారిలో ఆగిపోతే ఇబ్బంది పడేది మాత్రం మీరు. కాబట్టి మీ లెక్క మీరు వేసుకోవాలి.

ముందు కిట్ సంగతి. సీసాలో ఉండేది రబ్బరు పాల లాంటి ద్రవం. దాన్ని వాల్వ్ గుండా ఎక్కించి గాలి నింపి కొంతదూరం నడిపితే, టైరు లోపల పరుచుకుని కన్నం దగ్గర గడ్డకడుతుంది. నేలకు ఆనే భాగంలో మేకో స్క్రూవో దిగి, కన్నం ఆరు మిల్లీమీటర్ల లోపు ఉంటే ఇది పనిచేస్తుంది. దిగిన మేకును పీకకుండానే ఎక్కించాలి. ఆ తర్వాత గంటకు 80 కిలోమీటర్లు మించకుండా దగ్గర్లోని పంక్చర్ షాపు దాకా వెళ్లాలి. లోపల ద్రవం ఉందని షాపతనికి ముందే చెప్పండి. మనకు పడే పంక్చర్లలో చాలావరకు ఇలాంటి మేకు పంక్చర్లే కాబట్టి కిట్‌ను తీసిపారేయలేం. సీసా మీద గడువు తేదీ ఉంటుంది, అది చూస్తూ ఉండండి. ఒకసారి వాడితే కొత్త సీసా కొనాల్సిందే.

కిట్‌కు లొంగనివి కూడా ఉన్నాయి. రాయి కోసుకుని సైడ్‌వాల్ చీలడం, గోతిలో పడి రిమ్ము వంగడం, టైరు పేలడం, గాలి లేకుండానే నడపడంతో లోపలి పొరలు నలిగిపోవడం. వీటిలో ఏది జరిగినా మరో చక్రం తప్ప దారి లేదు.

ఇక మీ దారి చూద్దాం. దోర్నాల దాటితే నల్లమల ఘాట్. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలోకి వాహనాలను వదలరు. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. సాయంత్రం పొద్దుగూకేవేళ అక్కడ టైరు చీలితే రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబరు చేతిలో ఉన్నా ఉపయోగం లేదు. అందుకే మీరు కొనడమే మంచిది. కర్నూల్లో తిరిగే రోజుల్లో దాన్ని ఇంట్లోనే ఉంచండి, శ్రీశైలం బయల్దేరేటప్పుడు డిక్కీలో పెట్టుకోండి. స్టెప్నీ కావాలో వద్దో తేల్చేది కారు మోడల్ కాదు, మీరు వెళ్లే దారి.

కొనేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. బోల్టు రంధ్రాల సంఖ్య, వాటి మధ్య దూరం, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ అన్నీ కుదిరిన రిమ్మే తీసుకోండి. ఎలక్ట్రిక్ కారు బరువెక్కువ కనుక టైరు లోడ్ ఇండెక్స్ కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు. అల్లాయ్ చక్రాల నట్లు ఇనుప రిమ్ముకు అన్నిసార్లూ సరిగా కూర్చోవు. అందుకని షాపులోనే ముందు ఒకసారి, వెనక ఒకసారి బిగించి, బ్రేకుకు తగలకుండా తిరుగుతోందో లేదో చూపించుకోండి. జాకీ, వీల్ పానా కూడా కొనాల్సి రావచ్చు. బ్యాటరీ కారు అడుగునే ఉంటుంది కాబట్టి, మాన్యువల్‌లో చూపిన చోట్ల తప్ప జాకీ ఎక్కడా ఆనించొద్దు. డిక్కీలో గుంత లేకపోతే చక్రాన్ని పట్టీలతో కట్టేయాలి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు కట్టని చక్రం వెనక సీటు మీదికి వస్తుంది.

సందేహం: పెట్రోలు కారుకు సీఎన్‌జీ కిట్ పెట్టించాం. సిలిండరుతో డిక్కీ నిండిపోయింది. స్టెప్నీ తీసేస్తే సామాను పడుతుంది, మైలేజీ కూడా పెరుగుతుందని మెకానిక్ అంటున్నాడు. తీసేయమంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: మైలేజీ కోసమైతే వద్దు. చిన్న కారు స్టెప్నీ పదిహేను కిలోలు అటూ ఇటూగా ఉంటుంది. బండి, మనుషులు, సిలిండరు కలిపి వెయ్యి కిలోలు దాటేచోట ఆ కాస్త తగ్గినా బంకు దగ్గర తేడా కనపడదు. నాలుగు టైర్లలో గాలి సరిగ్గా ఉంచితే అంతకంటే ఎక్కువ లాభం.

చోటు కోసమైతే ఆలోచించొచ్చు. బెంజి సర్కిల్, గవర్నర్‌పేట, ఇల్లు, ఆఫీసు – ఇంతే తిరుగుడైతే పిలిస్తే పంక్చర్ అతను వస్తాడు, ఆటో దొరుకుతుంది. స్టెప్నీ ఇంట్లో ఉన్నా నష్టం లేదు. ఊరు దాటితే మాత్రం వెంట ఉండాలి. సిలిండరు బిగించాక చాలా బండ్లలో స్టెప్నీ దాని వెనకో కిందో ఇరుక్కుపోతుంది. సామాను నిండా ఉన్నప్పుడు దాన్ని బయటికి తీయగలరో లేదో ఇంటి దగ్గరే ఒకసారి చూసుకోండి. సిలిండరు నట్లు విప్పితే తప్ప రాదంటే అది ఉన్నా లేనట్టే. కిట్ బిగించినవారి చేతే బ్రాకెట్ మార్పించండి.

సందేహం: మా కారు స్టెప్నీ మిగతా టైర్లకంటే సన్నగా, చిన్నగా ఉంది. దాని మీద హైదరాబాద్ దాకా వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: వెళ్లకండి. జనగామ వైపు బయల్దేరకముందే హనుమకొండలోనే అసలు టైరు బాగు చేయించుకోండి. ఇలాంటి చక్రం షాపు దాకా చేర్చడానికే. దాని పక్కన గంటకు 80 కిలోమీటర్ల పరిమితి రాసి ఉంటుంది. సన్నటి టైరుకు రోడ్డు మీద పట్టు తక్కువ, బ్రేకు వేస్తే బండి ఆగే దూరం పెరుగుతుంది. వానలో ఇంకా జాగ్రత్త.

దాని గాలి లెక్క వేరు. బాగా సన్నటి తాత్కాలిక చక్రాలకు 60 పీఎస్ఐ అవసరం. మిగతా టైర్లకు కొట్టినట్టే 33 కొట్టి వదిలేస్తే అది పనికిరాదు. డోరు పక్క స్టిక్కరు చూసి, అందులో ఉన్న అంకే కొట్టించండి.

ముందు చక్రాలకు ఇంజిన్ బలం అందే కార్లలో ఇలాంటి స్టెప్నీ వెనక వేయడమే మంచిది. ముందు టైరు పంక్చరైతే వెనక మంచి చక్రం ముందుకు తెచ్చి, స్టెప్నీ వెనక బిగించాలి. పని రెండింతలే, కానీ స్టీరింగ్ అదుపులో ఉంటుంది. స్టెప్నీకి సెన్సర్ ఉండదు కాబట్టి టీపీఎంఎస్ దీపం వెలుగుతూనే ఉంటుంది, కంగారు పడకండి. ఇంకొకటి: విప్పిన పెద్ద టైరు ఆ చిన్న గుంతలో పట్టదు. డిక్కీ నిండా పెట్టెలు సర్దేటప్పుడు అది గుర్తుంచుకోండి.

సందేహం: కారుకు తొమ్మిదేళ్లు. స్టెప్నీ ఇంతవరకూ నేల తాకలేదు, బొడిపెలు కూడా చెక్కుచెదరలేదు. అరిగిన ముందు టైరు తీసేసి దీన్నే వేసేద్దామనుకుంటున్నాను. సరేనా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

సమాధానం: వద్దండీ. రబ్బరు తిరిగినా తిరగకపోయినా ముదురుతుంది. ఎండ, వేడి, గాలి దాన్ని గట్టిపరుస్తాయి. టైరు సైడ్‌వాల్ మీద ‘డీఓటీ’ వరస చివర నాలుగు అంకెలు చూడండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని అర్థం. అయిదేళ్లు దాటాక ఏటా తెలిసినవారికి చూపించమని, బాగా కనిపించినా పదేళ్ల తర్వాత వాడొద్దని టైర్ల కంపెనీలు చెబుతాయి. ఇందులో స్టెప్నీకి మినహాయింపు లేదు. మీది ఆ గడువు దగ్గరకొచ్చింది. అదీగాక ఒకే ఇరుసు మీద ఒకవైపు పాతది, మరోవైపు అరిగినది ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగొచ్చు.

ముందు చక్రాలకు రెండు కొత్త టైర్లు కొనండి. తీసినవాటిలో ఏదైనా వయసు తక్కువగా ఉండి బొడిపెలు మిగిలుంటే దాన్ని స్టెప్నీగా మార్చుకోండి. ఇకమీదట గాలి చెక్ చేయించినప్పుడల్లా అయిదో టైరుకీ చేయించండి. కూర్చున్నచోటే నెలకు ఒకటి రెండు పీఎస్ఐ తగ్గుతుంది కాబట్టి మామూలుకంటే నాలుగైదు ఎక్కువ కొట్టించండి. అవసరమైనప్పుడు కాస్త వదలడం తేలిక, నడిరోడ్డు మీద నింపడం కష్టం. ఇన్నోవా లాంటి బండ్లలో స్టెప్నీ అడుగున గొలుసుకు వేలాడుతుంది. అలాంటి బండి ఉన్నవారు ఏడాదికోసారైనా కిందికి దించి చూడండి, బురదకు ఆ గొలుసు, దాన్ని తిప్పే మర తుప్పు పడతాయి.

సందేహం: మా పొలం దారిలో తుమ్మముళ్లు. ముందే టైర్లలో సీలెంట్ పోయిస్తే స్టెప్నీ గొడవ ఉండదంటున్నారు. నిజమేనా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

సమాధానం: ముళ్లవరకు ఉపయోగమే. కానీ చీలికను అదీ ఆపలేదు, కాబట్టి స్టెప్నీ బదులు కాదు. కొన్ని ద్రవాలు లోపల ఒకవైపు చేరితే హైవే మీద స్టీరింగ్ వణుకుతుంది, టీపీఎంఎస్ సెన్సర్లు మూసుకుపోతాయి. సెన్సర్లున్న కారైతే పోయించొద్దు. మీలాంటివారికి ట్యూబ్‌లెస్ స్ట్రిప్ కిట్, కారు సాకెట్‌కు పెట్టుకునే గాలి కంప్రెసర్ మేలు. స్ట్రిప్ నేలకు ఆనే భాగంలోనే ఎక్కించాలి. సైడ్‌వాల్‌కు ఎక్కించి ‘ఏం కాదు’ అనే షాపులో బండి ఇవ్వకండి.

సందేహం: ఉద్యోగరీత్యా హైదరాబాద్–విజయవాడ ఒంటరిగా నడుపుతుంటాను. చక్రం మార్చడం నాకు రాదు. రానప్పుడు స్టెప్నీ ఎందుకు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మార్చేది మీరే కానక్కర్లేదమ్మా. సాయం చేయడానికి వచ్చినవారికైనా చేతిలో చక్రం ఉండాలి కదా. అది లేకపోతే వచ్చినవారు బండిని లాక్కెళ్లడం తప్ప ఏం చేయలేరు.

టైరు పోతే బ్రేకు గట్టిగా తొక్కకుండా, మెల్లగా రోడ్డు ఎడమ అంచు దాటించి ఆపండి. ఇండికేటర్లన్నీ వెలిగించి, వెనక కొంత దూరంలో త్రిభుజం పెట్టి, మీరు క్రాష్ బారియర్ అవతల నిలబడండి. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033 రాత్రీపగలూ పనిచేస్తుంది. వాహనాలు దూసుకుపోయే వైపు చక్రమైతే, ఎంత వచ్చినా మీరు కూర్చుని మార్చకండి, సాయం వచ్చేదాకా ఆగండి.

పని మాత్రం నేర్చుకోండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో ఉంచి, ఎదురు మూలన ఉన్న చక్రానికి రాళ్లు అడ్డు పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేయాలి. పైకి లేపాక తిప్పబోతే చక్రం తిరుగుతుంది, బండి జాకీ మీంచి జారుతుంది. చేతి బలం చాలకపోతే పానా మీద కాలు పెట్టి తొక్కితే వదులవుతాయి. తర్వాతే జాకీ ఎత్తాలి. స్టెప్నీని కాసేపు బండి అంచు కిందికి తోసి ఉంచితే జాకీ జారినా అడ్డుంటుంది. చక్రం మార్చాక నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించి, కిందికి దించాక మరోసారి గట్టిగా బిగించాలి. యాభై కిలోమీటర్లలోపు ఒకసారి మళ్లీ చూడాలి. మీ చక్రాలకు దొంగతనం జరగకుండా పెట్టే ప్రత్యేక నట్టు ఉంటే, దాని తాళం జాకీతోపాటే ఉండాలి. అది ఇంట్లో బీరువాలో ఉంటే ఎవరు వచ్చినా చక్రం ఊడదు.

ఈ ఆదివారం మీ ఇంటి ముందే ఒక చక్రం విప్పి బిగించండి. పానా పొట్టిదో, జాకీ బిగుసుకుందో, స్టెప్నీలో గాలి లేదో అక్కడే తెలిసిపోతుంది. ఏం కొనాలో, ఏం బాగు చేయించాలో చీటీ రాసుకుని సోమవారం షాపుకు వెళ్లండి.