గడ్డి దులిపిన సాయంత్రమే జ్వరం
సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను షేక్‌పేటలో ఉంటూ సినిమా సెట్లకు లైట్ల పని చేస్తుంటాను. మా నాయన సిద్దిపేట దగ్గర పల్లెలో వ్యవసాయం చేస్తాడు. రెండు బర్రెలున్నాయి. వానలకు తడిసిన వాము నుంచి గడ్డి పీకి దులిపిన రోజు, సాయంత్రానికల్లా వణుకుతో జ్వరం, పొడిదగ్గు, ఆయాసం. రెండు రోజులకు తగ్గిపోతుంది. మా ఇంటికొచ్చి ఉన్నన్నాళ్లూ ఏమీ ఉండదు, ఊరెళ్తే మళ్లీ మొదలు. ఆర్‌ఎంపీ ప్రతిసారీ ఇంజక్షన్ చేస్తున్నాడు. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. ఇది టీబీయా?
- ఒక పాఠకుడు, షేక్‌పేట

జవాబు: మీ నాయన జ్వరానికీ గడ్డి పనికీ సంబంధం ఉందని మీరు గమనించారు. డాక్టర్‌కు ముందుగా చెప్పవలసింది అదే. మన దగ్గర చాలామంది దగ్గు గురించి చెబుతారు గానీ, దగ్గుకు ముందు ఏం పని చేశారో చెప్పరు. మా డాక్టర్లు అడగడమూ తక్కువే. రోగిని ‘నువ్వు చేసే పనేమిటి?’ అని తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే ఒక పుస్తకంలో రాశాడు. ధాన్యం జల్లించేవాళ్లకు, కొలిచేవాళ్లకు వచ్చే దగ్గు గురించి కూడా ఆ పుస్తకంలోనే ఉంది.

ఉత్తరం చూసి జబ్బు ఖాయం చేయలేను. మీరు చెప్పిన తీరు మాత్రం ‘ఫార్మర్స్ లంగ్’ అనే జబ్బును పోలి ఉంది. 1932లో క్యాంప్‌బెల్ అనే డాక్టర్ ఇంగ్లండ్‌లో బూజుపట్టిన ఎండుగడ్డితో పనిచేసిన రైతుల్లో దీన్ని గుర్తించి రాశాడు. తడి ఆరకుండా వాము వేస్తే లోపల వేడి పుడుతుంది. ఆ వేడిలోనే కొన్ని సూక్ష్మజీవులు బాగా పెరుగుతాయి. గడ్డి దులిపినప్పుడు వాటి బీజాలు దుమ్ముతో కలిసి ఊపిరితిత్తుల లోతుకు వెళ్తాయి. అవి పడనివాళ్లకు అక్కడ వాపు వస్తుంది. లక్షణాలు వెంటనే కనిపించవు, 4 నుంచి 8 గంటల తర్వాత మొదలవుతాయి. పొద్దున చేసిన పనికి సాయంత్రం జ్వరమొస్తే గడ్డిని ఎవరు అనుమానిస్తారు? పైగా ఒకటి రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది, పేరు ఇంజక్షన్‌కు పోతుంది.

ఇలా ఏళ్ల తరబడి జరిగితే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. అలా పోయిన భాగం మళ్లీ మామూలు కాదు. అందుకే మీ నాయనను ఇప్పుడే ఛాతీ వైద్యుడికి చూపించండి. ఎర్రగడ్డ ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి మీకు దగ్గరే. ఎక్స్‌రేలో కనిపించనిది సీటీ స్కాన్‌లో కనిపించవచ్చు. ఊపిరి ఊది చూసే స్పైరోమెట్రీ కూడా అవసరం. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించి తీరాలి, టీబీ కాదని ఊహించుకుని ఊరుకోకూడదు. స్టెరాయిడ్ మాత్రలు మందుల షాపులో అడిగి కొనకండి. అవసరమైతే డాక్టరే రాసి, ఎన్నాళ్లు వాడాలో చెబుతారు.

అన్నిటికంటే పెద్ద మందు ఆ దుమ్ముకు దూరంగా ఉండటం. బాగా ఎండాకే వాము వేయించండి. బూజుపట్టిన గడ్డిని ఇంకెవరైనా తీయాలి, అదీ గాలి వీపు వైపు నుంచి వీచేలా నిలబడి, తీసేముందు కాసిని నీళ్లు చల్లి. ముక్కుకు చుట్టుకునే తువాలు ఆ సన్నని బీజాలను ఆపదు. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్‌95 మాస్కు కొనివ్వండి. బర్రెలను అమ్మేయమని చెప్పడం నాకు తేలికే, ఆయనకు కాదు. కాబట్టి ముందు ఇవి చేసి చూడండి.

ప్రశ్న: మా అమ్మ బీడీ ముట్టలేదు, అయినా సీఓపీడీ అన్నారు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని చుట్టుపక్కలవాళ్లు భయపెడుతున్నారు.
- ఒక పాఠకురాలు, ఫిల్మ్‌నగర్

జవాబు: కట్టెల పొయ్యి ముందు ఏళ్ల తరబడి కూర్చున్న ఆడవాళ్లకు బీడీ తాగకపోయినా ఊపిరి గొట్టాలు ఇరుకయ్యే ఈ జబ్బు వస్తుంది. ఇన్‌హేలర్ వ్యసనం కాదు. సాల్‌బ్యుటమాల్ ఒక్క పీల్పులో ఉండేది 100 మైక్రోగ్రాములు. అదే మందు 4 మిల్లీగ్రాముల మాత్రలో దానికి 40 రెట్లు ఉంటుంది, ఒళ్లంతా తిరుగుతుంది. గుండెదడ, చేతుల వణుకు మాత్రతోనే ఎక్కువ. ఇన్‌హేలర్‌కు స్పేసర్ అనే గొట్టం తగిలించి పీల్చమనండి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అయితే పీల్చాక నోరు పుక్కిలించాలి. నలుగురి మాట విని మానేస్తే మాత్రం ఆయాసం ముదిరి ఆసుపత్రి పాలవుతారు.

ప్రశ్న: మా తమ్ముడు పత్తికి మందు కొట్టొచ్చాక ఛాతీ పట్టేసినట్టు ఉందన్నాడు. నోట్లో నీళ్లూరుతున్నాయి, చూపు మసకగా ఉందట. పడుకుంటే తగ్గుతుందా?
- ఒక పాఠకుడు, జూబ్లీహిల్స్

జవాబు: తగ్గదు, పడుకోనివ్వకండి. పురుగుమందు ఒంట్లోకి వెళ్లిన లక్షణాలివి. ఊపిరి గొట్టాలు బిగుసుకుని నీరు చేరుతుంది. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈలోగా తడిసిన బట్టలు విప్పేసి, సబ్బుతో ఒళ్లు కడగాలి. కడిగేవాళ్లు చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి. ఇకముందు గాలికి ఎదురుగా కొట్టవద్దని చెప్పండి. తువాలు మందుతో తడిస్తే విషాన్ని మూతికి అంటిపెట్టుకుని ఉన్నట్టే. ఎన్‌95 కూడా ఆవిరిని ఆపదు, దానికి కార్ట్రిడ్జ్ ఉండే మాస్కు కావాలి. కొట్టిన మందు డబ్బా పారేయకుండా లేబుల్‌తో సహా ఆసుపత్రికి పట్టుకెళ్లాలి. విరుగుడు ఏమివ్వాలో దాన్ని బట్టే నిర్ణయిస్తారు.