ఎర్రబూజు క్యాప్సూళ్లు కొలెస్ట్రాల్ మాత్రకు బదులవుతాయా?

ప్రశ్న: నా వయసు 54. కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని డాక్టరుగారు అటోర్వాస్టాటిన్ రాశారు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి 'రెడ్ ఈస్ట్ రైస్' క్యాప్సూళ్లు పంపించాడు. బియ్యంతో చేసినవే కాబట్టి హాని ఉండదంటాడు. మావారేమో అందులో బూజు విషం ఉంటుందని, కిడ్నీలు పాడవుతాయని భయపడుతున్నారు. మాత్ర ఆపేసి ఇవి వేసుకోవచ్చా?
– ఒక సోదరి, మట్టెవాడ, వరంగల్

జవాబు: వద్దమ్మా. మాత్ర ఆపకండి, రెండూ కలిపి అసలే వేసుకోకండి. మీవారి భయానికి ఆధారం ఉంది.

ఉడికించిన బియ్యం మీద మొనాస్కస్ అనే బూజును పెంచి, ఎండబెట్టి ఈ పొడి చేస్తారు. చైనాలో శతాబ్దాలుగా వంటల్లో రంగుకు, వైద్యానికి వాడుతున్నారు. 1979లో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో ఈ బూజు నుంచి మొనకోలిన్-కె అనే పదార్థాన్ని వేరుచేశారు. 1987లో అమెరికాలో మందుగా అనుమతి పొందిన లోవాస్టాటిన్, ఇదీ ఒకటే. కాబట్టి మీ అబ్బాయి పంపిందీ స్టాటినే. కండరాల నొప్పులు, లివర్ ఇబ్బందులు దీనితోనూ రావచ్చు. మాత్రలో మందు ఎన్ని మిల్లీగ్రాములో కచ్చితంగా తెలుసు. ఈ క్యాప్సూళ్లలో కంపెనీని బట్టి, బ్యాచ్‌ని బట్టి మారిపోతుంది.

ఇక విషం సంగతి. కొన్ని మొనాస్కస్ రకాలు సిట్రినిన్ అనే కిడ్నీ విషాన్నీ తయారుచేస్తాయి. ఎర్ర రంగుకు ఒక జన్యువుల గుంపు, సిట్రినిన్‌కు మరో గుంపు ఉన్నాయి. సిట్రినిన్‌కు కీలకమైన జన్యువును ప్రయోగశాలలో తొలగిస్తే విషం దాదాపు ఆగిపోతుంది, రంగు మాత్రం వస్తూనే ఉంటుంది. అందుకే రంగు చూసి విషం ఉందో లేదో చెప్పలేం, ల్యాబ్ పరీక్షలోనే తెలుస్తుంది. యూరప్‌లో ఇలాంటి ఉత్పత్తుల్లో సిట్రినిన్ కిలోకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు.

విషం చేయలేని రకాన్ని ఎంచుకున్నా పూర్తి భరోసా లేదు. 2024లో జపాన్‌లో కొబయాషి ఫార్మాస్యూటికల్ తయారుచేసిన ఎర్రబూజు మాత్రలు వాడినవాళ్లలో చాలామందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ సంస్థ పెంచిన మొనాస్కస్‌కు సిట్రినిన్ తయారుచేసే జన్యువులు లేవు. తయారీలో పెనిసిలియం జాతి బూజు చొరబడి ప్యూబెరులిక్ ఆమ్లాన్ని తయారుచేసిందని దర్యాప్తులో తేలింది.

ఇప్పటికే కొన్ని వేసుకుని ఉంటే ఆపేయండి. సీసా డాక్టరుగారికి చూపించి క్రియాటినిన్, మూత్రం, లివర్ పరీక్షలు చేయించుకోండి. కండరాల నొప్పితోపాటు మూత్రం ముదురు రంగులో వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: ఇంట్లో నిల్వచేసిన పల్లీలకు, ఎండుమిర్చికి బూజు పట్టింది. దులిపి, వేయించి వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కాశిబుగ్గ, వరంగల్

జవాబు: వాడకండి. పల్లీలకు, మిర్చికి పట్టే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అది లివర్ క్యాన్సర్‌కు కారణమవుతుంది. హెపటైటిస్-బి ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. సోయా సాస్ తయారీకి వాడే ఆస్పర్జిల్లస్ ఒరైజే దీనికి దగ్గరి చుట్టమే. అయితే దానిలో ఈ విషపు జన్యువులు పనిచేయవు. ఆ రెండింటినీ కంటితో వేరుచేయడం మన వల్ల కాదు. దులిపితే పైనున్న బూజు పోతుంది, లోపలికి దిగిన విషం పోదు. వేయించినా పూర్తిగా నశించదు.

పల్లీలు, మిర్చి బాగా ఎండాకే మూటకట్టండి. మూటలు నేలకు, గోడకు తగలకుండా చెక్కల మీద పెట్టండి. బూజు పట్టినవి గేదెలకూ వేయకండి, ఆ విషం పాలలోకీ వస్తుంది.