హితబోధకు అలంకారము

పాఠ్యభాగము: తీతు 2:1-15
కూడ చదువవలసినవి: తీతు 1:5-16, 3:1-8, అపొస్తలుల కార్యములు 19:23-41
ముఖ్యాంశము: మనకు ఎదురుగా నున్న ఊరికి మన బోధ మొదట వినబడదు, కనబడును.



గ్రామములలో కాపురముండు విశ్వాసులు తమ కాపరిని తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. “అయ్యగారూ, ఆదివారము గుడిలో విన్నది సోమవారము ఊరిలో ఎట్లు నిలుపుకొందుము? కూలికి పిలుచువారు వారే, అప్పిచ్చువారు వారే, నీళ్లయొద్ద మన ప్రక్కన నిలుచువారు వారే. మన విశ్వాసము వారికి గిట్టదు. ఏమి చేయుదుము?”

ఈ ప్రశ్నకు రెండు జవాబులు సులువుగా దొరకును. నలుగురితో నారాయణ యని ఊరితో కలిసిపోవుట మొదటిది. ఊరివారినందరిని దూషించి, తలుపులు మూసికొని కూర్చుండుట రెండవది. మొదటి దానివలన ఉప్పు సారము పోవును. రెండవ దానివలన ఉప్పు కుండలోనే యుండిపోవును. ఈ రెండును కాని మార్గమొకటి పౌలు తీతుకు వ్రాసిన చిన్న పత్రికలో నున్నది. ఆ పత్రికకు మూడే అధ్యాయములు. ఒక్క సాయంకాలమున ఇంటివారందరు కూర్చుండి దానిని చదువవచ్చును.

1. క్రేతు ఎట్టి స్థలము?

క్రేతు మధ్యధరా సముద్రములోని పెద్ద ద్వీపము. తూర్పు పడమరలుగా దాని పొడవు సుమారు 260 కిలోమీటర్లు. క్రీ. పూ. 67లో రోమీయులు దానిని జయించిరి. పెంతెకొస్తు దినమున యెరూషలేములో అపొస్తలుల మాటలు వినినవారిలో క్రేతీయులు కూడ నుండిరి (అపొ. కార్య. 2:11). పౌలు ఖైదీగా రోమాకు పోవునప్పుడు ఆయన ఎక్కిన ఓడ ఈ ద్వీపమున మంచిరేవులు అను స్థలమునకు చేరెను (27:8).

ఆ ద్వీపమునకు మంచి పేరు లేదు. గ్రీకువారు అబద్ధమాడుటను గూర్చి చెప్పునప్పుడు క్రేతీయుల పేరునుండి పుట్టిన ఒక మాటను వాడుచుండిరి. క్రీ. పూ. 2వ శతాబ్దపు చరిత్రకారుడైన పొలూబియు, క్రేతీయులకు ఏ లాభమును సిగ్గుకరముగా తోచదని వ్రాసెను. వారిలో పుట్టిన ప్రవక్తయే వారిని గూర్చి పలికిన కఠినమైన మాటను పౌలు కూడ ఎత్తి చెప్పుచున్నాడు (తీతు 1:12).

ఇట్టి స్థలమునుండి వెళ్లిపొమ్మని పౌలు తీతుతో చెప్పలేదు. లోపముగా నున్నవాటిని దిద్దుటకును, ప్రతి పట్టణములో పెద్దలను నియమించుటకును అతనిని అక్కడనే విడిచెను (1:5). అపాయము బయటినుండి మాత్రమే రాలేదని కూడ గమనించుడి. దుర్లాభము కొరకు బోధించుచు కుటుంబములకు కుటుంబములనే పాడుచేయువారు సంఘము లోపలనే యుండిరి (1:10, 11). దేవుని ఎరుగుదుమని నోటితో చెప్పి, చేతలతో ఆయనను ఎరుగమనువారు వారు (1:16). శత్రువు గోడకు అవతల మాత్రమే యున్నాడని తలంచు సంఘము తన ఇంటి దీపమును చూచుకొనదు.

2. హితబోధ అనగా నేమి?

తీతు 2:1లో మన తెలుగు బైబిలు “హితబోధ” అని చెప్పుచోట, మూలభాషయైన గ్రీకులో “ఆరోగ్యముగా నుండుట” అను అర్థముగల మాట యున్నది. ఆరోగ్యముగలవారికి వైద్యుడు అక్కరలేదని ప్రభువు సెలవిచ్చినచోట (లూకా 5:31) లూకా వ్రాసిన మాటయు అదే. కనుక హితబోధ అనగా చెవికి ఇంపైన బోధ కాదు, తప్పులు లేకుండ అప్పగించు పాఠము మాత్రమును కాదు. మనిషికి ఆరోగ్యమునిచ్చు బోధ.

ఆరోగ్యము ఎట్లు తెలియును? వైద్యుని పుస్తకము ఇంటిలో నున్నంత మాత్రమున ఇంటివారు ఆరోగ్యవంతులు కారు. ఆకలి, నిద్ర, నడక, పని సరిగా నున్నప్పుడు ఆరోగ్యమున్నదని చెప్పుదుము. ఆలాగే విశ్వాసప్రమాణము కంఠతః వచ్చినంతమాత్రమున బోధ స్వస్థమైనదని చెప్పలేము. అది కోపమునందు, కొలతయందు, మాటయందు, మంచి చెడ్డలయందు అగుపడవలెను. అందుచేతనే హితబోధకు తగిన సంగతులు బోధింపుమని చెప్పిన వెంటనే పౌలు దేవుని త్రిత్వమును గూర్చి వివరింపక వృద్ధులు, స్త్రీలు, యౌవనులు, దాసులు ఇంటిలో ఎట్లు మెలగవలెనో చెప్పసాగెను. సిద్ధాంతము చిన్నదని కాదు. అది వేరు. వేరు మంచిదో కాదో ఊరివారు కాయను చూచి చెప్పుదురు.

3. ఇంటిలో మొదలు

రెండవ అధ్యాయములో ఐదు తరగతులవారున్నారు. వృద్ధులు మితముగలవారై విశ్వాసమందును, ప్రేమయందును, ఓర్పునందును స్వస్థులుగా నుండవలెను. వయస్సు మీరినకొలది మాట పదునెక్కుట లోకరీతి, ఓర్పు పెరుగుట కృప పని. వృద్ధస్త్రీలు కొండెములు చెప్పక, త్రాగుడుకు లోబడక, చిన్నవారికి మంచిని నేర్పవలెను. పంపునొద్ద నీళ్లు పట్టుచు పొరుగింటి కోడలిని గూర్చి చెప్పిన మాట, మన ప్రసంగముకంటె వేగముగా ఊరంతయు తిరిగివచ్చును. యౌవనస్త్రీలు తమ భర్తలను బిడ్డలను ప్రేమించువారై యుండవలెను. యౌవనపురుషులకు స్వస్థబుద్ధి కావలెను; ఆ విషయములో తీతు తానే మాదిరిగా నుండవలెనని పౌలు చెప్పెను (2:7). కాపరి చేయనిది కుర్రవారు చేయరు.

ఈ స్వస్థబుద్ధి అను మాటకు చెందిన మాటలు ఈ ఒక్క అధ్యాయములోనే ఐదుసారులున్నవి. లాభము కొరకు దేనికైనను తెగించు దేశములో తన్ను తాను అదుపులో ఉంచుకొను మనిషియే వింత. అతనిని చూచి ఊరు ఆగి ఆలోచించును.

ఈ ఆజ్ఞల నడుమ మూడు కారణములు కనబడును. దేవుని వాక్యము దూషింపబడకుండుటకు (2:5). ఎదిరించువాడు మనలను గూర్చి చెడుమాట ఏదియు చెప్పలేక సిగ్గుపడుటకు (2:8). మన రక్షకుడగు దేవుని బోధను అలంకరించుటకు (2:10). ఈ మూడింటిలోను బయటివాడున్నాడు. పౌలు ఇంటివారితో మాటలాడుచున్నను ఆయన కన్ను వాకిటిలో నిలుచున్న పొరుగువాని మీదనే యున్నది.

4. ప్రత్తి ప్రోగు

మూడవ కారణము ఎవరికి చెప్పబడెనో చూడుడి. పెద్దలకు కాదు, బోధకులకు కాదు, దాసులకు. వారు ఎదురుమాట చెప్పక, ఏమియు అపహరింపక నమ్మకముగా నున్నయెడల దేవుని బోధకు నగ పెట్టినవారగుదురు. ఇక్కడ అపహరించుట అనుటకు వాడబడిన గ్రీకు మాటయే, అననీయ తన పొలము వెలలో కొంత దాచుకొనెనని చెప్పినచోటను వాడబడెను (అపొ. కార్య. 5:2). తాళము బ్రద్దలుకొట్టు దొంగతనము కాదిది. చేతికి అప్పగింపబడిన దానిలోనుండి ఎవరికి తెలియకుండ కొంచెము తీసికొనుట.

నేనెరిగిన ఒక సహోదరి ప్రత్తి తీయ కూలికి పోవును. కూలి కిలో లెక్కన ఇత్తురు. సాయంకాలము తూకము వేయకమునుపు కొందరు ప్రత్తి మీద నీళ్లు చల్లుదురు, కొందరు ప్రోగులో మట్టిగడ్డ యుంచుదురు. ఆమె ఆ పని చేయలేదు. అందుచేత ఆమెకు ప్రతిదినము ఇతరులకంటె తక్కువ కూలి వచ్చెను. ఇంటిలో బడికి పోవు పిల్లలిద్దరున్నారు గనుక ఆ తక్కువ కూలి చిన్న విషయము కాదు. తోటివారు ఆమెను చూచి నవ్విరి. ఆ రైతు మన కూటములకు మైకు పెట్టనీయనని పట్టుబట్టినవాడే. ఆ పంట ముగిసిన దినమున అతడు గుమస్తాతో, “ఆమె ప్రోగు విప్పి చూడనక్కరలేదు, అట్లే తూయుము” అని చెప్పెను. అతడు మారుమనస్సు పొందెనని నేను వ్రాయుటలేదు. అతడు నేటికిని గుడికి రాలేదు. అయితే ఆమె దేవుడు అబద్ధికుడు కాడని ఆ దినమున ఆ రైతు తన నోటితోనే చెప్పినట్లాయెను.

దాసులకు ఇట్లు వ్రాసెను గనుక వాక్యము దాసత్వమును మెచ్చుకొనుచున్నదని ఎవరును తలంచకుడి. వెట్టిచాకిరి 1976లో చేయబడిన చట్టముచేత మన దేశమున రద్దాయెను. అట్టి బంధకములో నున్నవాడు అధికారులయొద్దకు పోవుట పాపము కాదు. పౌలు తానే కైసరుకు చెప్పుకొందుననెను (అపొ. కార్య. 25:11).

5. సాత్వికముతో కాదనుట

ఇప్పుడు కష్టమైన చోటికి వచ్చితిమి. జాతరకు చందా యిమ్మని పెద్దలు వచ్చినప్పుడు ఏమి చేయవలెను? విగ్రహారాధనలో మనము పాలుపొందలేము. ఇందులో రెండు మాటలు లేవు. అయితే కాదనువిధము కూడ సాక్ష్యమే. ఎవనిని దూషింపక, జగడమాడక, మనుష్యులందరియెడల సాత్వికము చూపవలెనని పౌలు వ్రాసెను (తీతు 3:2). ఎఫెసులో అల్లరి లేచినప్పుడు ఆ పట్టణపు కరణమే, ఈ మనుష్యులు మన దేవతను దూషించినవారు కారని జనసమూహము ఎదుట ఒప్పుకొనెను (అపొ. కార్య. 19:37). పౌలు ఆ పట్టణములో సుమారు మూడు సంవత్సరములుండి, చేతులతో చేయబడినవి దేవతలు కావని దాచక బోధించెను. అయినను ఆయనమీద దూషణ నేరము మోపుటకు చోటు దొరకలేదు. సత్యమును దాచకుండుట యొకటి, పొరుగువాని గౌరవమును త్రొక్కుట మరియొకటి.

కావున చందా అడుగువారిని కూర్చుండబెట్టి నెమ్మదిగా చెప్పుడి: “పెద్దయ్యా, పూజకు మేము ఇయ్యలేము, మా మనస్సాక్షి ఒప్పదు. చెరువు పూడిక తీయుటకు, బడి గోడ కట్టుటకు మా ఇంటి వంతు చెప్పుము, ముందుగా ఇత్తుము.” ఆ మాట చెప్పినవాడు చెరువు పనినాడు పార పట్టుకొని అందరికంటె ముందు రావలెను. రాకపోయినయెడల అతడు పిసినారితనమునకు భక్తి అను పేరు పెట్టినవాడగును. సత్‌క్రియలను గూర్చి పౌలు ఈ చిన్న పత్రికలో ఆరుసారులు చెప్పుటకు హేతువిదియే.

మన తెలుగు దేశమున ఈ పాఠమును మనకంటె ముందు నేర్చినవారున్నారు. 1866లో ఒంగోలు ప్రాంతపు తాళ్లకొండపాడు వాడైన యెర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వర్తకము చేయు మాదిగ సహోదరుడు, బాప్తిస్మము పొందెను. ఆయనవలన ఆ ప్రాంతపు పల్లెలలో అనేకులు నమ్మిరి. ఆదివారము పని చేయకుండుట, చచ్చిన పశువుల మాంసము తినకుండుట, విగ్రహములకు మ్రొక్కకుండుట అను మూడు నియమములను మిషనెరీ జాన్ క్లౌ దొరగారు వారికి నేర్పిరి. జాతరలలో డప్పు కొట్టమని వారు చెప్పినందున కొన్ని గ్రామముల అధికారులు కోపించి వారికి బావులను, బజారును, పనిని అడ్డగించిరి. వారు ఊరు విడువలేదు, విశ్వాసమును విడువలేదు. 1876-78 నాటి గొప్ప కరవులో క్లౌ గారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగము గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. తిండి కొరకు ఎవరును క్రైస్తవులు కాకూడదని ఆ కరవు కాలమున బాప్తిస్మములు ఆపిరి. తరువాత 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ లెక్కను మనము గొప్పగా చెప్పుకొందుము. దానికి ముందు పన్నెండేండ్లు బావి దగ్గర అవమానమును ఓర్చినవారిని కూడ జ్ఞాపకము చేసికొందము.

నేడు ఎవనినైనను అంటరానివాడని బావినుండి తరుముట నేరము. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమున అంటరానితనమును రద్దు చేసెను. 25వ అధికరణమున మనస్సాక్షి స్వాతంత్ర్యమును, మతమును అవలంబించు హక్కును ఇచ్చెను. అవసరమైనప్పుడు ఆ హక్కును అడుగుడి. పగతీర్చుకొనుటకు మాత్రము అడుగకుడి.

6. కృప నేర్పు పాఠము

ఇంత భారము ఎవడు మోయగలడు? పౌలు ఆజ్ఞలతో ఆగలేదు. సమస్త మనుష్యులకు రక్షణకరమైన దేవుని కృప ప్రత్యక్షమై, భక్తిహీనతను విసర్జించి ఈ లోకములోనే స్వస్థబుద్ధితోను నీతితోను భక్తితోను బ్రదుకుట మనకు నేర్పుచున్నదని వ్రాసెను (2:11, 12). మనకు గురువు భయము కాదు, కృప. బిడ్డకు నడక నేర్పు తల్లి, బిడ్డ పడినప్పుడు చేయి విడువదు. క్రీస్తు మనకొరకు తన్ను తాను అర్పించుకొనెను (2:14) గనుక మన సత్‌క్రియలు రక్షణకు వెల కావు, రక్షణకు కృతజ్ఞత.

ఈ కృపయే మనలను గర్వమునుండియు కాపాడును. మనముకూడ మునుపు అవివేకులమై, ఒకనినొకడు ద్వేషించుచు నుంటిమని పౌలు తన్ను కూడ కలుపుకొని చెప్పెను (3:3). మనలను ద్వేషించు పొరుగువాడు నిన్నటి మనమే. మనకు దొరికిన కనికరము అతనికిని దొరకవలెనని కోరుచు అతని గడపముందు నడువుము. క్రేతులోని గొర్తూన అను ప్రాచీన పట్టణములో తీతు పేర కట్టబడిన పురాతన దేవాలయపు శిథిలములు నేటికిని ఉన్నవి. అబద్ధమునకు పేరుపొందిన ద్వీపమున సత్యవంతుడైన దేవునికి జనము దొరికెను. మన ఊరు దానికంటె కఠినమైనది కాదు.

ఇంటి ప్రార్థనలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. తీతు 2వ అధ్యాయములోని ఐదు తరగతులలో నేను ఏ తరగతివాడను? నాకు చెప్పబడిన మాట ఏది?
2. నా కొలత, తూకము, అప్పు, మాట: వీటిలో ఊరివారు దేనిని చూచి దేవుని వాక్యమును దూషింపగలరు?
3. ఈ నెలలో మన ఊరి మేలు కొరకు మన సంఘము చేయగల పని యొకటి ఏది?
4. మనలను ఎదిరించువారిలో ఒకరి పేరు తలంచి, ఈ వారమంతయు వారికొరకు ప్రార్థించుదమా?

ప్రార్థన: ప్రభువా, మా నోట నున్న నీ బోధ మా చేతులలోను ఉండునట్లు చేయుము. మమ్మును ద్వేషించువారిని మేము ద్వేషింపకుండ కాపాడుము. మా యిండ్లు నీ వాక్యమునకు అలంకారముగా నుండునట్లు నీ కృపచేత మాకు నేర్పుము. ఆమేన్.