ట్యాబ్ కీ వెనక ఉన్న కెరీర్

ఆలంపూర్ చౌరస్తాలో బస్సెక్కి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లల రెజ్యూమెలు పక్కపక్కన పెట్టి చూడండి. లైబ్రరీ మేనేజ్‌మెంట్, ఫుడ్ డెలివరీ యాప్, అటెండెన్స్ సిస్టమ్... పేర్లు కాస్త అటూ ఇటూ మారతాయంతే. గద్వాలలో డిగ్రీ చదివినా, మహబూబ్‌నగర్‌లో చదివినా, హైదరాబాద్‌లో బీటెక్ చేసినా అదే వరస. ప్రాజెక్టు చూడటానికి పెద్దదే. కానీ ‘ఈ బటన్ నొక్కితే లోపల ఏం జరుగుతుంది?’ అని అడగ్గానే చాలామంది తడబడతారు.

దీనికో మందుంది. చిన్న పని ఒకటి ఎంచుకోండి, దాని లోతు తేల్చేదాకా వదలకండి. టెక్స్ట్ ఎడిటర్‌లో ట్యాబ్ నొక్కితే లైన్ లోపలికి జరుగుతుంది, షిఫ్ట్ పట్టుకుని ట్యాబ్ నొక్కితే వెనక్కి వస్తుంది. ఇండెంట్, డీడెంట్ అనే ఈ రెండు కమాండ్లను మీరే రాయండి. పాత ల్యాప్‌టాప్ చాలు, క్లౌడ్ ఖర్చు లేదు, నెట్ లేకపోయినా పని ఆగదు.

ఖాళీ జాగాకు ఇంత పట్టింపా?

పైథాన్‌లో లైన్ ముందున్న ఖాళీయే ఏ లైన్ ఏ బ్లాకులోదో చెబుతుంది. 2001 నాటి పెప్ 8 అనే శైలి పత్రం ఒక్కో మెట్టుకు 4 స్పేస్‌లు వాడమంటుంది. లినక్స్ కెర్నల్ కోడ్‌లో ట్యాబే వాడాలి, దాని వెడల్పు 8. గో భాషతో వచ్చే ఫార్మాటర్ కూడా ట్యాబ్‌లే పెడుతుంది. మేక్‌ఫైల్‌లో ఆదేశం ఉన్న లైన్ మామూలుగా ట్యాబ్‌తోనే మొదలవ్వాలి, స్పేస్‌లు పెడితే ఎర్రర్. పైథాన్ 3లో రెండింటినీ అర్థం మారేలా కలిపితే ప్రోగ్రాం నడవదు. అంటే ఎడిటర్‌కు ఏ ఫైలుకు ఏ పద్ధతో తెలియాలి. అందుకే విజువల్ స్టూడియో కోడ్ ఫైలు తెరవగానే అందులోని ఖాళీలను చూసి పద్ధతిని పసిగడుతుంది. టీమంతా ఒకే పద్ధతి పాటించడానికి ఎడిటర్‌కాన్ఫిగ్ అనే చిన్న ఫైలు కూడా వాడుకలో ఉంది.

కమాండ్ రాయడం ఎలా?

మొదటి మెట్టు, సెలెక్ట్ చేసిన భాగం ఏ లైన్ నుంచి ఏ లైన్ దాకా ఉందో తేల్చడం. తొలి చిక్కు ఇక్కడే. మూడు లైన్లు సెలెక్ట్ చేసినప్పుడు కర్సర్ తరచూ నాలుగో లైన్ మొదట్లో ఆగుతుంది. ఆ లైన్‌లో ఒక్క అక్షరం కూడా సెలెక్ట్ కాలేదు కాబట్టి దాన్ని జరపకూడదు. విజువల్ స్టూడియో కోడ్ కూడా ఇలాగే ఆ చివరి లైన్‌ను వదిలేస్తుంది.

రెండో మెట్టు, ఎంత జరపాలి? లైన్ ముందు 3 స్పేస్‌లున్నాయి, ఇండెంట్ మెట్టు వెడల్పు 4. ఇండెంట్ చేస్తే 7 కావాలా, 4 కావాలా? 1991లో బ్రామ్ మోలెనార్ విడుదల చేసిన విమ్ ఎడిటర్ మామూలుగా 7 చేస్తుంది. షిఫ్ట్‌రౌండ్ సెట్టింగ్ పెడితే 4 దగ్గర ఆగుతుంది. రెండూ సరైనవే. మీరు ఏది ఎంచుకున్నారు, ఎందుకు అన్నదే ఇంటర్వ్యూలో చెప్పుకోదగ్గ విషయం. దీనికి కొసరు చిక్కొకటి ఉంది. మొదటి పద్ధతిలో ఇండెంట్ చేసి డీడెంట్ చేస్తే 3 నుంచి 7కి వెళ్లి మళ్లీ 3కి వస్తారు. రెండో పద్ధతిలో 3 నుంచి 4కి వెళ్లి, అక్కణ్నుంచి సున్నాకు పడతారు.

మూడో మెట్టు, ట్యాబ్ లెక్క. ట్యాబ్ అంటే ఎప్పుడూ 4 స్పేస్‌లు కాదు. అది తర్వాతి గీత (ట్యాబ్ స్టాప్) దాకా తీసుకెళ్తుంది. గీతలు నాలుగేసి నిలువు వరుసలకు ఒకటి ఉన్నప్పుడు, 2 స్పేస్‌ల తర్వాత ట్యాబ్ పడితే చేరేది 4కు, 6కు కాదు. స్పేస్‌లు, ట్యాబ్‌లు కలిసిన లైన్‌ను డీడెంట్ చేసేటప్పుడు ముందు ఈ లెక్క కట్టి, తర్వాతే ఖాళీని తిరగరాయాలి.

నాలుగోది అన్‌డూ. నలభై లైన్లు జరిపితే వాడేవారి దృష్టిలో అది ఒకే పని. కంట్రోల్ జడ్ ఒక్కసారి నొక్కితే నలభై లైన్లూ వెనక్కి రావాలి. కర్సర్, సెలెక్షన్ కూడా మునుపున్న చోటికే చేరాలి.

ఈ పరీక్షలు తప్పక రాయండి

• ఖాళీ లైన్: అందులో స్పేస్‌లు చేర్చకూడదు. చేరిస్తే లైన్ చివర పనికిరాని ఖాళీలు మిగులుతాయి.
• 2 స్పేస్‌లే ఉన్న లైన్‌ను డీడెంట్ చేస్తే ఆ రెండే పోవాలి, అక్షరం పోకూడదు.
• ఒకే లైన్‌లో రెండు కర్సర్లుంటే ఆ లైన్ ఒక్కసారే జరగాలి.
• వెబ్‌పేజీ నుంచి కాపీ చేసిన కోడ్‌లో మామూలు స్పేస్‌లా కనిపించే నాన్‌బ్రేకింగ్ స్పేస్ రావచ్చు. పైథాన్ దాన్ని ఒప్పుకోదు. మీ ఎడిటర్ ఏం చేస్తుంది?
• పైథాన్‌లో మూడేసి కోట్ గుర్తుల మధ్య ఉన్న స్ట్రింగ్‌ను జరిపితే అందులోని సమాచారమే మారిపోతుంది. హెచ్చరించాలా, వదిలేయాలా?

బ్రౌజర్‌లో నడిచే ఎడిటర్ రాస్తే ఇంకో పరీక్ష. మౌస్ వాడలేనివారు పేజీలో ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లేది ట్యాబ్ కీతోనే. ఎడిటర్ ఆ కీని పూర్తిగా లాగేసుకుంటే వారు అక్కడే ఇరుక్కుపోతారు. వెబ్ సౌలభ్య ప్రమాణాలు దీన్ని తప్పుగా లెక్కిస్తాయి. అందుకే బ్రౌజర్ ఎడిటర్లకు వాడే కోడ్‌మిర్రర్ 6 ట్యాబ్‌ను దానంతటదే ఇండెంట్‌కు కట్టదు, కావాలనుకున్నవారే కట్టుకోవాలి.

తెలుగు వచ్చినవారికి కలిసొచ్చేది

మీరు రాసిన ఎడిటర్‌లో ‘క్షి’ అని టైప్ చేయండి. మనకు అది ఒక్క అక్షరం. యూనికోడ్‌లో మాత్రం క, పొల్లు, ష, గుడి అని 4 సంకేతాలు, యూటీఎఫ్ 8లో 12 బైట్లు. 2023లో యూనికోడ్ 15.1 వచ్చేదాకా దాని ప్రామాణిక లెక్కలోనూ ఇది రెండు ముక్కలే. లైన్ మధ్యలో ట్యాబ్ పడితే ఎంత జరగాలన్నది ముందున్న అక్షరాల వెడల్పును బట్టి ఉంటుంది. సంకేతాలు లెక్కపెట్టుకుంటూ పోతే తెలుగు లైన్‌లో ఆ లెక్క తప్పుతుంది. ఇలాంటి తప్పు తెలుగు చదవగలవారి కంటికే ముందు పడుతుంది. దాన్ని పట్టుకుని, ఏం చేస్తే ఆ తప్పు మళ్లీ కనిపిస్తుందో మెట్టుమెట్టుగా రాసి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు పంపితే, అదే మీ తొలి సహకారం.

ఆలంపూర్ నుంచి దారులు

పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయవచ్చు. అక్కణ్నుంచి ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరే వీలుంది. బాసర ఆర్‌జీయూకేటీ కూడా పదో తరగతి తర్వాతే చేర్చుకుంటుంది. ఇంటర్ తర్వాత ఈఏపీసెట్ ఉంది, జేఈఈ మెయిన్ ఉంది. తుంగభద్ర దాటితే కర్నూలే అయినా అది వేరే రాష్ట్రం. అక్కడి కాలేజీల్లో సీటు చూసుకునేముందు స్థానికత నిబంధనలు కనుక్కోండి. కర్నూలులోనే ఉన్న ట్రిపుల్ఐటీడీఎం సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకుతో దేశమంతటికీ కలిపి భర్తీ అవుతాయి కాబట్టి అక్కడ ఆ చిక్కు లేదు. డిగ్రీ దాకా ఆగలేని ఇంట్లోవారు జోహో స్కూల్స్ ఆఫ్ లెర్నింగ్ గురించి తెలుసుకోవాలి. ఇంటర్, డిప్లొమా అయినవారిని తీసుకుని ఆ సంస్థ శిక్షణ ఇస్తుంది.

నేర్చుకోవడానికి విజువల్ స్టూడియో కోడ్ సోర్స్ అందరికీ తెరిచే ఉంది. ‘షిఫ్ట్‌కమాండ్’ అనే ఫైలు వెతికి, మీరు రాసిన దానితో పోల్చండి. 18 ఏళ్లు నిండినవారు ఓపెన్ సోర్స్ సంస్థల ప్రాజెక్టుల్లో పనిచేసే అవకాశమిచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు దరఖాస్తు చేయవచ్చు. 2022 నుంచి అది విద్యార్థులకే పరిమితం కాదు. గడువు మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో ఉంటుంది, ఆ సంస్థలతో మాటామంతీ అంతకు రెండు నెలల ముందే మొదలుపెట్టాలి.

ఉద్యోగం ఎక్కడ?

ఎడిటర్లే తయారుచేసే టీములు కొన్నే ఉంటాయి. వాటినే నమ్ముకుని కూర్చోమని చెప్పడం లేదు. కానీ ఈ పనిలో అబ్బే నైపుణ్యాలు ఫ్రంట్‌ఎండ్, టెస్ట్ ఆటోమేషన్, వెబ్ సౌలభ్యం, భారతీయ భాషల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలన్నిటికీ పనికొస్తాయి. స్క్రీన్ మీద టైప్ చేయించే ప్రతి అప్లికేషన్‌లోనూ ఎంతో కొంత ఎడిటర్ ఉంటుంది.

ఇక రెజ్యూమెలో ‘టెక్స్ట్ ఎడిటర్ తయారు చేశాను’ అని రాసి ఊరుకోకండి. ఇలా రాయండి: ‘ఇండెంట్, డీడెంట్ కమాండ్లు రాశాను. ట్యాబ్‌లు, స్పేస్‌లు కలిసిన ఫైళ్లు, తెలుగు అక్షరాలు, ఒక్క మెట్టులో అన్‌డూ, కీబోర్డుతోనే బయటికి వచ్చే వీలు, వీటన్నిటికీ పరీక్షలున్నాయి.’ కింద కోడ్ లింకు పెట్టండి. ఈ మాటల్లో ఏది పట్టుకుని ప్రశ్న వేసినా పది నిమిషాలు మాట్లాడగలిగితే, మీరు ఇంటర్వ్యూకు సిద్ధమైనట్టే.